అంబాసిడర్ కారు ఇంజను – కట్టుబడి, పోషణ, నమ్మకం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో చదువు గురించి, ఆరోగ్యం గురించి, పొదుపు గురించి మాట్లాడడం ఆనవాయితీ. కార్యవర్గంవారు మాత్రం నన్ను పిలిచి, "మీరు ఇంజన్ల మనిషి కదా, ఆ ఇంజను మీదే నాలుగు మాటలు చెప్పండి, పిల్లలకు పనికొస్తాయి" అన్నారు. అంచేత నేను ఎంచుకున్న విషయం అంబాసిడర్ కారు పెట్రోలు ఇంజను. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది కదా, ఇప్పుడు దాని సంగతి ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. దానికి నా దగ్గర రెండు కారణాలున్నాయి.

మొదటిది, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ ఇంజను మీద అన్నం తిన్న ఇళ్లు లెక్కలేనన్ని. నడిపినవాడొకడు, ఇంజను విప్పినవాడొకడు, టింకరింగు చేసినవాడొకడు, లేతు మీద బోరు కొట్టినవాడొకడు, సీట్లు కుట్టినవాడొకడు. ఒక్క కారు వెనక అయిదారు కుటుంబాలు నిలబడేవి. శ్రీకాకుళం పట్నంలో రైలు స్టేషను లేదు. శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను ఆమదాలవలసలో ఉంది. బండి దిగిన పెళ్లివారికి, బాలింతలకు, సామానున్నవారికి టాక్సీయే దిక్కు. ఇక రాత్రివేళ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పరుగెత్తాలి. శ్రీకాకుళం నుంచి అది 100 కిలోమీటర్ల పైమాటే. అటువంటి రాత్రి ఇంజను దారిలో ఆగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. కాబట్టి ఇంజను నమ్మకం అనేది షెడ్డుకే సంబంధించిన ముచ్చట కాదు, ఇంటింటికీ సంబంధించిన విషయం.

రెండో కారణం ఇది. ఆ ఇంజను చెడిపోయేది, చాలాసార్లు చెడిపోయేది. కాని చాలా జబ్బుల్లో చెప్పి చెడేది. ముందుగా శబ్దం చేసేది, పొగ వదిలేది, వేడెక్కేది, నూనె కార్చేది. ఆ మాట విన్నవాడికి అది లక్ష కిలోమీటర్లు నడిచింది. విననివాడికి పదివేలకే బోరుకొచ్చింది. అంటే ఆ కారు నమ్మకంలో సగం దాన్ని తయారు చేసినవాళ్లది, సగం దాన్ని చూసుకున్న చేతులది. ఈ సంగతే ఈవేళ మీకు వివరంగా మనవి చేయదలచుకున్నాను.

ముందుగా కొంచెం చరిత్ర. హిందూస్తాన్ మోటార్స్ కంపెనీని బిర్లా కుటుంబంవారు 1942లో పెట్టారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో పని మొదలై, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనా తీసుకుని, 1957లో అంబాసిడర్ అనే పేరుతో ఇక్కడ తయారు చేశారు. తొలి రెండేళ్లు దానిలో ఉన్నది పాత సైడ్ వాల్వ్ ఇంజను, 1476 సీసీ. 1959లో దాన్ని తీసేసి, వాల్వులు పైన హెడ్డులో ఉండే 1489 సీసీ ఇంజను పెట్టారు. మనం అంబాసిడర్ ఇంజను అని చెప్పుకునేది దీన్నే. ఇంగ్లండులో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. ఇది వారి 'బి' సిరీస్ ఇంజను. అదే కుటుంబపు ఇంజన్లు ఎంజీ స్పోర్ట్సు కార్లలో కూడా నడిచాయి. అంటే ఇంగ్లండులో దొరబాబులు సరదాకి తోలుకున్న కారు గుండెకాయా, మన ఆమదాలవలస స్టేషను ముందు బేరం కోసం నిలబడిన టాక్సీ గుండెకాయా ఒకే ఇంటివి.

1979 తర్వాతి మార్క్ 4 లో డీజిలు ఇంజను కూడా వచ్చింది. 1990లలో ఇసుజు వారి 1800 సీసీ పెట్రోలు ఇంజను వచ్చింది. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో తయారీ ఆగింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరు ఎవరి చేతికి పోయినా, పాత ఇంజన్లు మాత్రం ఇంకా కొన్ని మన మధ్య నడుస్తూనే ఉన్నాయి.

ఇక కట్టుబడి. ఇంజను గురించి తెలియనివారి కోసం సులువుగా చెబుతాను. బ్లాకు పోత ఇనుముది. అందులో వరుసగా నాలుగు గొట్టాలు, అంటే సిలిండర్లు. ఒక్కొక్కటి అడ్డంగా 73 మిల్లీమీటర్లు. వాటిలో పిస్టన్లు దగ్గర దగ్గర 89 మిల్లీమీటర్ల మేర కిందికీ పైకీ ఆడతాయి. నాలుగు సిలిండర్లలో పిస్టన్లు తోసే జాగా మొత్తం 1489 ఘన సెంటీమీటర్లు. సీసీ అంటే ఇదే. పిస్టను దిగుతూ పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తుంది, లేస్తూ దాన్ని నొక్కుతుంది, ప్లగ్గు నిప్పు రవ్వతో అది మండి పిస్టనును కిందికి తంతుంది, మళ్లీ లేస్తూ పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు పనుల్లో బలం ఇచ్చేది ఒక్కటే. మిగతా మూడింటికీ పక్క సిలిండర్లు సాయం పడతాయి. నిప్పు పడే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. నలుగురు అన్నదమ్ములు వంతులేసుకుని కాడి మోసినట్టన్నమాట.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కొక్క సిలిండరులో 1500 సార్లు నిప్పు పడాలి. నాలుగింటికీ కలిపి 6000. అంటే క్షణానికి 100 రవ్వలు! డిస్ట్రిబ్యూటరు మూత కింద ఉన్న ఆ చిన్న పాయింటు ముక్క క్షణానికి 100 సార్లు తెరుచుకుని మూసుకుంటేనే మన ప్రయాణం సాగుతుంది. ఇంత చాకిరీ చేసే వస్తువును ఏడాదికోసారి కూడా మూత తీసి చూడకుండా, "కారు మొరాయించింది" అనడం న్యాయమేనా?

ఈ ఇంజనుకు మొండితనం ఎక్కడి నుంచి వచ్చింది? మూడు సంగతులు చెబుతాను.

ఒకటి, నొక్కుడు తక్కువ. మన దేశానికి చేసిన ఇంజనులో గాలి పెట్రోలు మిశ్రమాన్ని ఏడో వంతు దాకానే నొక్కుతారు. ఇంగ్లండులో ఇదే ఇంజనును ఎనిమిదో వంతు దాటి నొక్కే రకంగా కూడా చేశారు. నొక్కుడు తగ్గితే బలం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పట్టుమని 50, 55 గుర్రాల బలం, లీటరుకు 10 కిలోమీటర్ల దరిదాపు. కాని నాసి పెట్రోలు పోసినా సణుక్కుంటూ నడుస్తుంది. బేరింగుల మీద, గ్యాస్‌కెట్ మీద ఒత్తిడి తక్కువ.

రెండు, పిస్టను నడక పొడుగు. బోరు కంటే స్ట్రోకు ఎక్కువైన ఇంజను తక్కువ చుట్లలోనే లాగుతుంది. ఎనిమిది మందిని కుక్కి, పైన పరుపులు కట్టి, టాప్ గేరులో ముప్పై మీద పోతున్నా అది ఏడవకపోవడానికి కారణం ఇదే. పరుగు పందేనికి పనికిరాదు గాని, బరువు మోయడానికి ఎద్దులాంటిది.

మూడు, అన్నింటికంటే ముఖ్యమైనది, విప్పడానికి వీలు. బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చెయ్యి తిరుగుతుంది. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు, పెట్రోలు పంపు, డైనమో అన్నీ ఎదురుగానే కనిపిస్తాయి. బోరు అరిగితే పది, ఇరవై, ముప్పై, నలభై థౌ పెద్ద పిస్టన్లు దొరికేవి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. క్రాంకు అరిగితే సాన పట్టి, ఆ మేరకు మందమైన బేరింగు రేకులు వేసేవారు. ఒకే బ్లాకు ఈ విధంగా మూడు నాలుగుసార్లు కొత్త ఆయుష్షు పోసుకునేది. బ్యాటరీ చచ్చినా ముందు నుంచి హాండిలు పెట్టి తిప్పి స్టార్టు చేయవచ్చు. సాలూరు నుంచి ఒడిశా కొండలెక్కే ఘాటు మీద ఆగినా, సోంపేట అవతల ఆగినా, దగ్గరలో ఎవరో ఒకరు దాన్ని ఎరిగినవారు ఉండేవారు. విడి భాగమూ, ఎరిగిన మనిషీ దగ్గరలో ఉండడం నమ్మకంలో పెద్ద భాగం. ఈ మాట పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

దోషాలు లేవా అంటే ఉన్నాయి. మన వస్తువని మెచ్చుకుని ఊరుకోకూడదు.

క్రాంకుకు ఆధారాలు మూడే. నాలుగు సిలిండర్లకు అయిదు బేరింగులుంటే ఎక్కువ వేగంలో నిబ్బరంగా ఉంటుంది. ఇదే కుటుంబపు ఎంజీ కారు 1800 సీసీ ఇంజనుకు 1964లో అయిదు బేరింగులు పెట్టారు. మన అంబాసిడరుకు మూడే మిగిలాయి. అంచేత దాన్ని గంటల తరబడి అదిమి తోలితే బేరింగు మీద దెబ్బ పడుతుంది. క్రాంకు వెనక కొసన రబ్బరు సీలు లేదు. నూనెను వెనక్కి తిప్పి పంపే మరచుట్టు గాడి మాత్రమే ఉంది. కారు నిలిపిన చోట నాలుగు చుక్కలు కారడం దాని పుట్టుమచ్చ. కాని అదే చుక్కలు ధార అయితే, ముందు గాలి పోయే బ్రీదరు పూడిందేమో చూడాలి. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి నూనెను తోసేస్తుంది. రింగులు అరిగినా ఇదే జరుగుతుంది.

పొగ పోయే దారులు నాలుగు సిలిండర్లకు మూడే. రెండు, మూడు సిలిండర్లకు కలిపి ఒకే దారి. ఇంజను మరిగినప్పుడు ఎక్కువ వేడి పేరుకునేది ఆ మధ్య భాగంలోనే. హెడ్డు విప్పినప్పుడు అక్కడ సన్నని బీట ఉందా, గ్యాస్‌కెట్ మాడిందా అని దీపం పెట్టి చూడాలి. చూడకుండా కొత్త గ్యాస్‌కెట్ వేసి బిగిస్తే నెల తిరక్కుండా మళ్లీ విప్పాలి. ఆ రెండో కూలి ఎవరి జేబులోంచి పోతుంది?

ఇప్పుడు పోషణ. అయిదు సంగతులు: నూనె, నీళ్లు, నిప్పు, టాపెట్లు, పెట్రోలు.

నూనె. పొద్దున్నే బండి తీసేముందు, ఇంజను చల్లగా ఉండగా, చదునైన చోట కొలపుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడాలి. పాత పద్ధతి ప్రకారం 5000 కిలోమీటర్లకు నూనె మార్చాలి. పొట్టు, దుమ్ము, ఇసుక దార్లలో తిరిగే బండికి ఇంకా ముందే మార్చడం మేలు. నల్లబడిన నూనెను చూసి కంగారు పడనక్కరలేదు. మసి కడిగిందని అర్థం. కాని పుల్ల మీద నూనె పాలు కలిసిన టీ రంగులోకి వస్తే మాత్రం ఇంజనులోకి నీళ్లు దిగాయేమోనని వెంటనే చూపించుకోవాలి. బండి కదలకూడదు. నడుస్తున్న బండిలో ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోతే గాని, ఎర్ర దీపం వెలిగితే గాని, "వచ్చే ఊళ్లో చూద్దాం" అనుకోవద్దు. ఆ వచ్చే ఊరికి చేరేసరికి బేరింగు కరిగి క్రాంకుకు అంటుకుంటుంది. ఒక డబ్బా నూనెతో పోయేది పెద్ద అప్పు దాకా వస్తుంది.

నీళ్లు. మన తీరపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లే రేడియేటరులో పోస్తే లోపల గార కడుతుంది. కూజాలో గార కట్టడం మీ ఇళ్లలో చూసే ఉంటారు. అదే గార రేడియేటరు సన్నగొట్టాల్లో కడితే వేడి బయటికి పోదు. శుద్ధమైన నీళ్లు, కూలెంటు కలిపి పోయాలి. ఘాటు ఎక్కేటప్పుడే ఇంజను ఎందుకు మరుగుతుంది? బండి మెల్లగా పోతుంది, ఎదురుగాలి తక్కువ. ఇంజను మాత్రం బరువు లాగుతూ వేడి ఎక్కువ పుట్టిస్తుంది. మరిగినప్పుడు రేడియేటరు మూత తీయవద్దు. ఆవిరి ముఖం మీదికి చిమ్ముతుంది, ఆ విధంగా చర్మం కాలినవారున్నారు. పక్కన ఆపి, చల్లారనిచ్చి, తర్వాతే మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు గుమ్మరిస్తే బ్లాకు గాని హెడ్డు గాని బీట వారుతుంది. ఫ్యాను బెల్టు వదులైనా, తెగినా ఇదే గతి. కారులో ఒక పాత బెల్టు, ఒక నీళ్ల డబ్బా ఎప్పుడూ ఉండాలి.

నిప్పు. పాయింటు ఎడం 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. ప్లగ్గు ఎడం 25 థౌ. ఫీలరు గేజీతో కొలవాలి, గోటితో, బ్లేడుతో, సిగరెట్ పెట్టె అట్టతో కాదు. కళింగపట్నం, భీమునిపట్నం వంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు, డిస్ట్రిబ్యూటరు మూతలోని ఇత్తడి ముక్కలు పచ్చగా చిలుము పడతాయి. వానాకాలంలో ఉదయాన్నే బండి స్టార్టు కాకపోతే ముందు ఆ మూతను, ప్లగ్గు తీగలను పొడి గుడ్డతో తుడవండి. సగం జబ్బులు అక్కడే నయమవుతాయి.

టాపెట్లు. ఈ ఇంజనుకు వాల్వుల ఎడం కూడా 15 థౌయే. దీనికి మన ఉస్తాదులు చెప్పే సూత్రం ఉంది, తొమ్మిది లెక్క. వాల్వులు ఎనిమిది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచేయాలి. ఏడోది తెరిస్తే రెండోది, ఆరోది తెరిస్తే మూడోది. రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. బడికి సరిగా వెళ్లని పిల్లవాడికి కూడా ఈ లెక్క ఒక పూటలో వస్తుంది. చాలామంది యజమానులు టాపెట్ టిక్కుటిక్కుమంటే సహించరు, "శబ్దం రాకుండా బిగించు" అంటారు. అది పొరపాటు. ఎడం లేకుండా బిగిస్తే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, మంట ఆ సందులోంచి పోయి వాల్వును కాల్చేస్తుంది. టిక్కుమనే వాల్వు కొద్దిగా చప్పుడే చేస్తుంది. చప్పుడు చేయని వాల్వు లోలోపల కాలిపోతూ ఉండవచ్చు.

పెట్రోలు. ఇక్కడ రెండు కొత్త సంగతులు తెలుసుకోవాలి. పాత రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. ఆరోగ్యానికి హాని అని 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మంచి పని, పిల్లల మెదళ్లకు మేలు. కాని పాత ఇంజనులో పొగవాల్వు సీటు హెడ్డు ఇనుములోనే చెక్కినది. సీసం పూత దానికి మెత్తగా అడ్డు ఉండేది. అది లేకపోతే, గట్టిగా తోలే బండిలో సీటు మెల్లగా అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. దిగేకొద్దీ టాపెట్ ఎడం తగ్గిపోతుంది. కాబట్టి ఎడం మాటిమాటికీ తగ్గుతోందంటే అది సీటు చెప్పే మాట. హెడ్డు విప్పినప్పుడు గట్టి ఉక్కు సీట్లు వేయించుకుంటే ఆ బెడద తీరుతుంది.

రెండోది ఇథనాలు. ఇప్పుడు బంకుల్లో పెట్రోలుకు 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రంను అది ఉబ్బించి పాడు చేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పెళ్లిళ్ల సీజనుకే బయటికి తీసే కారులో ట్యాంకు నిండా పెట్రోలు పోసి నెలల తరబడి నిలవ ఉంచకండి. ఇథనాలుకు తట్టుకునే గొట్టాలు వేయించండి. బానెట్ ఎత్తినప్పుడు పెట్రోలు వాసన వస్తే ముందు గొట్టాలు చూడండి. వేడి ఇంజను మీద ఒక చుక్క కారితే చాలు, కారు మొత్తం తగలబడుతుంది.

ఇంజను చెప్పే మాటలు ఇంటిల్లిపాదీ నేర్చుకోవచ్చు. వెనక సీటులో కూర్చున్న తల్లి కూడా, "ఏటి బాబూ, బండి గొంతు మారిందేటి?" అని అడగగలిగితే చాలు. నీలి పొగ వస్తే నూనె కాలుతోంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్డు గ్యాస్‌కెట్ మీద అనుమానపడాలి. ఎత్తు ఎక్కుతుంటే గాజుగోళీలు గిలకరించినట్టు మోగితే టైమింగు ముందుకు జరిగింది, లేదా లోపల మసి పేరుకుంది. అడుగు నుంచి బరువైన దబదబ చప్పుడు వస్తే బేరింగు. అక్కడే ఆపేయాలి.

ఇంజను మూడు కాళ్ల మీద నడుస్తున్నట్టుంటే ఏ సిలిండరు పని మానిందో కనిపెట్టడం తేలిక. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క ప్లగ్గు తీగను వరుసగా, ఒంటికి కరెంటు కొట్టకుండా, పిడి ఉన్న పనిముట్టుతో తీసి చూడాలి. దేన్ని తీసినా చప్పుడు మారకపోతే జబ్బు దానిలోనే. ఆ సిలిండరులో నొక్కుడు కొలవండి. తక్కువుంటే చెంచాడు నూనె లోపల పోసి మళ్లీ కొలవండి. నొక్కుడు పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు కాలింది, లేదా గ్యాస్‌కెట్ పోయింది. చెంచాడు నూనెతో ఇంత నిజం తెలుస్తుంటే, ఊహ మీద ఇంజను మొత్తం విప్పించి యజమాని చేత ఖర్చు పెట్టించడం ధర్మం కాదు.

మనది తుపాన్ల ప్రాంతం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కుదిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అటువంటప్పుడు వాహనాలు నీట మునుగుతాయి. మునిగిన కారును ఎట్టి పరిస్థితిలోనూ సెల్ఫు కొట్టకండి. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సిలిండరులో నీళ్లుండగా ఇంజను తిప్పితే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగ తీయాలి. ప్లగ్గులు నాలుగూ విప్పి, చేత్తో మెల్లగా తిప్పి నీళ్లు బయటికి పంపాలి. నూనె, గాలి వడపోత మార్చాలి. డిస్ట్రిబ్యూటరు ఆరబెట్టాలి. అప్పుడే సెల్ఫు. ఇది మీ స్కూటరుకు, ట్రాక్టరుకు, కొత్త కారుకు కూడా వర్తించే మాటే. కాని కొత్త కారును ఇంట్లో విప్పవద్దు, లాగించి వర్క్‌షాపుకు చేర్చండి.

ఇక ఆఖరు సంగతి, పిల్లల సంగతి. 1983 డిసెంబరులో మారుతి వచ్చిన దగ్గరనుంచి షెడ్డు పని మెల్లగా మారుతూ వచ్చింది. ఇప్పటి ఇంజనులో పాయింటు లేదు, కార్బురేటరు లేదు, కంప్యూటరు డబ్బా ఉంది. స్కానరు తగిలిస్తే ఏదో ఒక నంబరు చూపిస్తుంది. కాని ఆ నంబరు జబ్బు పేరు కాదు, జబ్బు ఉన్న వీధి పేరు మాత్రమే. ఏ ఇంట్లో ఉందో వెతకాలంటే ఇప్పటికీ అవే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. గాలి అందుతోందా? పెట్రోలు అందుతోందా? నిప్పు సమయానికి పడుతోందా? నొక్కుడు ఉందా? అంబాసిడరు మీద ఈ నాలుగు ప్రశ్నలు కంటితో చూసి, చెవితో విని నేర్చుకున్నవాడు కొత్త బండి ముందు బెదరడు. అవి రానివాడు స్కానరు చేతిలో ఉన్నా భాగాలు మార్చుతూనే ఉంటాడు.

మన ఉస్తాదులలో గొప్పవారు ఎందరో ఉండేవారు. ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పగలిగేవారు. కాని ఆ విద్య చాలావరకు కాగితం మీదికి రాలేదు, వారితోనే పోయింది. అంచేత నా విన్నపాలు మూడు. షెడ్డులో పని నేర్చుకుంటున్న ప్రతి కుర్రవాడి చేతికి రెంచితోపాటు ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఏ బండికి ఏ జబ్బు, ఏం కొలిచాం, ఏం మార్చాం, ఎన్ని కిలోమీటర్లకు తిరిగి వచ్చింది అని రాయించండి. ఏడాదికి అదే వాడి పాఠ్యపుస్తకం అవుతుంది. రెండోది, పధ్నాలుగేళ్లు నిండని పిల్లవాణ్ని షెడ్డులో పెట్టడం చట్టం ఒప్పదు, మనమూ ఒప్పకూడదు. పదో తరగతి పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికిల్ అని రెండేళ్ల కోర్సు ఉంది. చేతిలో పని ఉన్నవాడికి ఆ కాగితం కూడా తోడైతే జీతం బేరం ఆడగలుగుతాడు. మూడోది, కారు యజమానులకు. మెకానిక్ చేతికి ఫీలరు గేజీ తీస్తే, "టైము వృథా చేస్తున్నాడు" అనుకోకండి. కొలిచి పనిచేసేవాడికి పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. కొలవకుండా చేసేవాడి దగ్గర ఆ పదీ మిగిలినట్టుంటుంది గాని, తర్వాత వెయ్యి రూపాయలై పోతుంది.

ఇంజను అబద్ధం చెప్పదు. నూనె తక్కువైతే తక్కువని, నీళ్లు మరిగితే మరిగాయని తన భాషలో చెబుతూనే ఉంటుంది. ఆ భాష మన పెద్దలకు వచ్చు. పిల్లలకు అందించే బాధ్యత మనది.  కారు ఉన్నవాళ్లు రేపు పొద్దున్న బండి తీసేముందు ఒకసారి కొలపుల్ల తీసి చూస్తారని ఆశిస్తాను.